కలుపు మందుకు లొంగని కలుపు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే బాధ కనిపించింది. నిన్నమొన్నటి దాకా చక్కగా పనిచేసిన కలుపు మందు ఇప్పుడు పనిచేయడం లేదని వరి రైతులు, పత్తి రైతులు రాశారు. ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలను ఎంచుకుని ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మాకు నాలుగెకరాల మాగాణి ఉంది. కూలీలు దొరకక నాట్లు మానేసి ఆరేళ్లుగా విత్తనం వెదజల్లుతున్నాం. ప్రతి పంటకూ బిస్‌పైరిబాక్ సోడియం కొడుతున్నాం. మొదట్లో ఊద గడ్డి అంతా పసుపు పట్టి చచ్చిపోయేది. గత రెండు పంటల్లో కొన్నిచోట్ల బతికి గింజ పడుతోంది. దుకాణంలో చెబితే వేరే కంపెనీ మందు ఇచ్చారు. అదీ పనిచేయలేదు. ఇది కల్తీ మందా, లేక ఊదే మొండిదైపోయిందా? (రైతు, జగిత్యాల జిల్లా)

జవాబు: మందు కల్తీది కావచ్చు, పిచికారీలో లోపం జరిగి ఉండవచ్చు, లేదా మీ పొలంలోని ఊదకు ఆ మందును తట్టుకునే శక్తి వచ్చి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది జరిగిందో పొలమే చాలావరకు చెబుతుంది కాబట్టి ముందు పొలాన్ని చూడాలి. బిస్‌పైరిబాక్ ప్రధానంగా ఆకుల ద్వారా మొక్కలోకి వెళ్లే మందు. అందువల్ల కొట్టే ముందు నీరు తీసివేసి కలుపు ఆకులు బయటపడేలా చూడాలి, ఊద రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉండాలి, కొట్టిన ఒకటి రెండు రోజులకు మళ్లీ నీరు పెట్టాలి. ఊద పిలకలు వేసి ముదిరాక కొడితే అసలైన మందు కూడా దాన్ని చంపలేదు. పిచికారీ చేసిన మనిషి నడిచిన దారి వెంట చారలు చారలుగా కలుపు మిగిలితే అది నాజిల్ లోపమో, నడకలో తేడానో అయి ఉంటుంది. ఊద, తుంగ, వెడల్పాకు కలుపు అన్నీ పొలమంతటా ఒకే తీరుగా మిగిలితే మందు నాణ్యతను, మోతాదును, కొట్టిన సమయాన్ని అనుమానించాలి.

మందును తట్టుకునే శక్తి వచ్చినప్పుడు కనిపించే తీరు వేరుగా ఉంటుంది. ఒకే వయసున్న రెండు ఊద మొక్కలు పక్కపక్కనే ఉండి, ఒకటి పూర్తిగా ఎండిపోయి, రెండోది పచ్చగా కొత్త ఆకు తొడుగుతూ ఉంటుంది. ఆ మందుకు చావవలసిన మిగతా కలుపు జాతులన్నీ చచ్చే ఉంటాయి. కిందటి పంటలో గొంగడి పరిచినంత మేర మిగిలిన ఊద ఈ పంటలో అదే చోటు చుట్టూ మరికొంత మేరకు విస్తరించి ఉంటుంది. మీరు రాసిన “కొన్నిచోట్ల బతికి” అన్న మాట, ఆరేళ్లుగా ఒకే మందు అన్న మాట కలిపి చూస్తే నాకు ఈ మూడో అనుమానమే బలంగా ఉంది.

దీన్ని తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. బతికిన ఊద నుంచి ముదిరిన గింజలు సేకరించండి. బిస్‌పైరిబాక్ ఎన్నడూ పడని చోటి నుంచి, గట్టు మీదిదో కాలువ పక్కదో, మరికొన్ని ఊద గింజలు తీసుకోండి. కొత్త గింజలకు నిద్రావస్థ ఉంటుంది కాబట్టి వెంటనే మొలవవు. కొన్ని నెలలు నిల్వ ఉంచి తర్వాతి పంట కాలంలో రెంటినీ వేర్వేరు తొట్లలో మొలిపించి, మూడు ఆకుల దశలో ఒకే రోజు, ఒకే మోతాదులో మందు కొట్టండి. గట్టు మీది ఊద చచ్చి, పొలంలోది బతికితే అనుమానం చాలావరకు తీరినట్లే. ఆ గింజల్లో కొన్నింటిని దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గాని, వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన స్థానానికి గాని అందజేస్తే వారు వేర్వేరు మోతాదుల్లో సక్రమంగా పరీక్షించగలరు. ఈ సమాచారం మీ ఒక్కరికే కాదు, ఆ కాలువ కింద ఉన్న రైతులందరికీ అవసరం.

ఇక దుకాణంలో ఇచ్చిన రెండో మందు ఎందుకు పనిచేయలేదన్నది ముఖ్యమైన విషయం. మీరు డబ్బాను మార్చారు గాని, అది మొక్కలో దెబ్బకొట్టే చోటు మారి ఉండకపోవచ్చు. మొక్కలు వాలీన్, ల్యూసీన్, ఐసోల్యూసీన్ అనే మూడు అమైనో ఆమ్లాలను తయారు చేసుకోవడానికి ఎసిటోలాక్టేట్ సింథేజ్ అనే ఎంజైము కావాలి. బిస్‌పైరిబాక్ ఆ ఎంజైమునే అడ్డుకుంటుంది. పినాక్సులం, పైరజోసల్ఫ్యూరాన్, బెన్‌సల్ఫ్యూరాన్, ఎథాక్సీసల్ఫ్యూరాన్, అజిమ్‌సల్ఫ్యూరాన్ కూడా సరిగ్గా ఆ ఎంజైమునే అడ్డుకుంటాయి. పత్తిలో వాడే పైరిథియోబాక్, సోయాచిక్కుడులోను వేరుశనగలోను వాడే ఇమాజిథాపైర్ కూడా ఈ కుటుంబానివే. ఆ ఎంజైము నిర్మాణం కలుపులో కొద్దిగా మారితే ఒక మందుతో పాటు దాని చుట్టాలు కొన్ని, ఒక్కోసారి అన్నీ, ఒకేసారి నిరుపయోగం అవుతాయి. సైహాలోఫాప్, ఫెనాక్సాప్రాప్, మెటామిఫాప్ అనేవి వేరే కుటుంబం. అవి కొవ్వు ఆమ్లాల తయారీని అడ్డుకుని గడ్డి జాతి కలుపును మాత్రమే చంపుతాయి. ప్రెటిలాక్లోర్, బుటాక్లోర్ మొలకెత్తే దశలోనే అడ్డుకునే మరో కుటుంబం. ఆస్ట్రేలియాలో ప్రతి కలుపు మందు డబ్బా మీద అది ఏ కుటుంబానికి చెందినదో ముద్రించడం తప్పనిసరి. మన రైతుకు కూడా ఆ సమాచారం తెలుగులో, కళ్లద్దాలు లేకుండా చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో అందాలి. అందేదాకా దుకాణంలో “ఇది బిస్‌పైరిబాక్ కుటుంబమేనా?” అని అడిగి తీసుకోండి.

వరిలో ఇలాంటి పరిణామం మనకు కొత్తేమీ కాదు. తెలంగాణను ఆనుకునే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోను, కేరళలోను వరి పొలాల్లో పెరిగే ఒక తుంగ జాతి కలుపు బిస్‌పైరిబాక్‌ను తట్టుకుంటున్నట్లు జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన డైరెక్టరేట్ శాస్త్రవేత్తలు 2021లో ప్రకటించారు.

ఈ పంటలో మీరు చేయవలసింది మిగిలిన ఊదను గింజ రాలకముందే చేత్తో పీకించడం. కూలి భారమే అయినా ఆ కొన్ని చోట్లకు పరిమితమైనప్పుడే ఇది సాధ్యం. వచ్చే పంటకు, నేల తయారైన తర్వాత తడి ఇచ్చి ఊదను మొలవనిచ్చి, దాన్ని దున్ని చంపి, అప్పుడు విత్తనం వేయండి. దమ్ము చేసి వెదజల్లేటట్లయితే, వరి మొలకను కాపాడే రక్షక పదార్థం కలిపిన ప్రెటిలాక్లోర్‌ను మొదటి రోజుల్లోనే వాడి, తర్వాత అవసరమైతే సైహాలోఫాప్ లాంటి వేరే కుటుంబం మందు వాడండి. వీలైతే ఒక పంట నాట్లు వేయండి. నిలవ నీటి కింద ఊద సరిగా మొలవదు. నాటు వరికి ఉన్న పెద్ద బలం అదే.

ప్రశ్న: కలుపు మందు తగలడం వల్లే మొక్కలోని జన్యువులు మారి తట్టుకునే శక్తి వస్తుందా? మా తరగతిలో దీని మీద వాదన జరిగింది. (వ్యవసాయ పాలిటెక్నిక్ విద్యార్థిని, నంద్యాల జిల్లా)

జవాబు: మందు వల్ల ఆ మార్పు పుట్టదు. మందు పడకముందే ఎక్కడో ఒక మొక్కలో ఉన్న మార్పుకు మందు దారి ఇస్తుంది. దీనికి యూరప్ నుంచి ఒక చక్కని రుజువు ఉంది. అక్కడి గోధుమ పొలాల్లో నల్లగడ్డి అని పిలిచే ఒక కలుపు ఉంది. వృక్షశాస్త్రజ్ఞులు ఎండబెట్టి కాగితాలకు అంటించి భద్రపరచిన పాత నల్లగడ్డి నమూనాల డీఎన్‌ఏను ఫ్రాన్స్ పరిశోధకులు పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. కొవ్వు ఆమ్లాల తయారీని అడ్డుకునే మందులకు నిరోధం ఇచ్చే జన్యు మార్పు 1888లో సేకరించిన ఒక నమూనాలో కనిపించింది. ఆ మందులు మార్కెట్లోకి వచ్చింది 1970 దశకం చివర్లో. అంటే మందు పుట్టడానికి దాదాపు తొంభై ఏళ్ల ముందే, దాన్ని తట్టుకోగల మొక్క ఏదో పొలంలో పెరిగి ఎవరి దృష్టిలోనూ పడకుండా ఉంది.

అలాంటి మొక్కలు ఎంత అరుదు? ఎసిటోలాక్టేట్ సింథేజ్‌ను అడ్డుకునే మందులు ఎన్నడూ పడని రైగ్రాస్ కలుపును ఆస్ట్రేలియాలో పరీక్షించినప్పుడు, లక్ష మొక్కలకు సుమారు 2 నుంచి 12 దాకా ముందుగానే తట్టుకునే మొక్కలు ఉన్నట్లు 2002లో తేలింది. చదరపు మీటరుకు వంద మొలకల చొప్పున ఎకరంలో నాలుగు లక్షల మొలకలు ఉన్నాయనుకుంటే, మొదటిసారి మందు పడేనాటికే అక్కడ తట్టుకోగలిగినవి 8 నుంచి 48 దాకా ఉండవచ్చన్నమాట. అన్ని మందులకూ, అన్ని కలుపు జాతులకూ ఇదే లెక్క వర్తించదు. పంట, కలుపు తేడా లేకుండా చంపే గ్లైఫోసేట్ లాంటి మందులకు నిరోధం ఇంకా చాలా అరుదు.

మీ వాదనలో ఎవరైనా “మరి మొదటి అయిదేళ్లు మందు ఎందుకు పనిచేసింది?” అని అడిగి ఉంటారు. ఒక ఊహా లెక్క వేద్దాం. ఎకరంలో తట్టుకునే మొక్క ఒక్కటే ఉంది. అది వెయ్యి గింజలు రాల్చింది, వాటిలో యాభై మాత్రమే మొలిచి పెద్దవయ్యాయి. మరుసటి ఏడు యాభై మొక్కలంటే ఎకరంలో ఎవరికీ కనిపించవు. ఆపై ఏడు 2,500 అవుతాయి. రైతు “అక్కడక్కడ మిగిలింది” అనుకుంటాడు. ఇంకో ఏడు గడిస్తే 1,25,000. ఉన్నట్టుండి మందు పనిచేయడం మానేసిందని అందరూ అనుకునేది ఆ సంవత్సరంలోనే. నిజానికి నేలలో నిల్వ ఉన్న పాత గింజలు మొలిచి ఈ వేగాన్ని కొంత తగ్గిస్తాయి, కానీ లెక్క నడిచే తీరు ఇదే.

ఇక మొక్క ఎలా తట్టుకుంటుందన్నది మీ పాఠ్యాంశమే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మందు వెళ్లి అతుక్కునే ఎంజైములో ఒక అమైనో ఆమ్లం మారితే మందు అక్కడ పట్టు దొరకక జారిపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక నర్సరీలో సిమజిన్ మందుకు చావని కలుపు గురించి 1970లో వెలువడిన నివేదిక ఈ శాస్త్రానికి మొదటి మైలురాళ్లలో ఒకటి. ఆ తరగతి మందులకు ఎన్నో కలుపు జాతుల్లో వచ్చిన నిరోధానికి కారణం, హరితరేణువుల్లోని ఒక ప్రోటీన్‌లో 264వ స్థానంలోని సెరీన్ బదులు గ్లైసీన్ రావడం. ఆ జన్యువు హరితరేణువులో ఉంటుంది కాబట్టి తల్లి మొక్క నుంచే సంతానానికి అందుతుంది. రెండో మార్గంలో మందు తన చోటికి చేరకముందే మొక్క దాన్ని ముక్కలు చేస్తుంది. మూడోది, మందును కణంలోని రిక్తికలో, అంటే సంచి లాంటి అరలో, బంధించి ఉంచడం. అమెరికాలో కోనైజా అనే కలుపు గ్లైఫోసేట్‌ను ఇలాగే కట్టడి చేస్తుంది. జెయింట్ రాగ్‌వీడ్ అనే మరో మొక్కలో కొన్ని రకాలు చేసే పని నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. గ్లైఫోసేట్ పడిన కొన్ని గంటల్లోనే అవి తమ ముదురాకులను మాడ్చుకుంటాయి. మాడిన ఆకులోంచి మందు ముందుకు కదలదు. చూసినవాడు మొక్క చచ్చిందనుకుంటాడు, కొన్నాళ్లకు మొగ్గ చిగురిస్తుంది.

ప్రశ్న: మన దేశంలో ఇది ఎక్కడైనా పెద్ద ఎత్తున జరిగిందా? జరిగితే అక్కడి రైతులు ఎలా బయటపడ్డారు? (పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: హర్యానా, పంజాబ్ గోధుమ పొలాల్లో జరిగింది. ప్రపంచంలో కలుపు నిరోధం గురించి ఎక్కడ చర్చ జరిగినా ఈ ఉదాహరణ వస్తుంది. తెలుగులో మాత్రం దీని గురించి రాసింది తక్కువ.

అక్కడి రైతులు గుల్లిదండా అని, మండూసీ అని పిలిచే ఒక గడ్డి గోధుమతో పాటే మొలుస్తుంది. చిన్నప్పుడు రెంటికీ తేడా కనుక్కోవడం కష్టం. గుల్లిదండా మొక్క మొదలు ఎరుపు రంగులో ఉంటుంది, దాన్ని చూసే రైతులు గుర్తుపడతారు. హరిత విప్లవంతో పొట్టి గోధుమ వచ్చింది, బోరుబావులు వచ్చాయి, ఖరీఫ్‌లో వరి, రబీలో గోధుమ అన్న పంట క్రమం స్థిరపడింది. ఎత్తు తక్కువైన గోధుమ కలుపును నీడతో అణచలేకపోయింది. తేమ, ఎరువులు సమృద్ధిగా దొరికిన గుల్లిదండా రెచ్చిపోయింది. అలాంటి సమయంలో, 1970 దశకం చివర్లో, ఐసోప్రొట్యూరాన్ అనే మందు వచ్చింది. ధర తక్కువ, గోధుమకు హాని లేదు, గుల్లిదండాను బాగా చంపేది. పది పదిహేనేళ్లు అదే మందు, అదే పంట క్రమం సాగాయి. చాలామంది దాన్ని ఇసుకలోనో యూరియాలోనో కలిపి చల్లేవారు. ఆ పద్ధతిలో ఒకచోట మందు ఎక్కువ పడుతుంది, మరోచోట చాలదు.

1990 దశకం మొదట్లో మందు విఫలమవుతోందన్న మాట వినిపించింది. హిస్సార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆర్.కె. మాలిక్, సముందర్ సింగ్ పొలాల నుంచి గింజలు తెచ్చి పరీక్షించి అది నిరోధమేనని నిర్ధారించారు. ఉధృతి ఎక్కువగా ఉన్న పొలాల్లో గోధుమ కంకి వేయకముందే రైతులు దాన్ని పచ్చి మేతగా కోసేసుకున్నారు. దేశానికి తిండి పెట్టే పొలం పశువుల మేతగా మారడం కంటే పెద్ద హెచ్చరిక ఏముంటుంది?

ఇందులో నేర్చుకోవలసిన శాస్త్రం ఒకటుంది. ఐసోప్రొట్యూరాన్ గోధుమను ఎందుకు చంపదు? గోధుమ దాన్ని తన ఎంజైములతో త్వరగా విరిచి హానిలేని పదార్థాలుగా మారుస్తుంది కాబట్టి. నిరోధం వచ్చిన గుల్లిదండా కూడా సరిగ్గా అదే చేసింది. గోధుమను కాపాడే విద్య కలుపుకు కూడా అబ్బింది. పంటను వదిలి కలుపును మాత్రమే చంపే మందులు చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి. పంటకు దగ్గరి పోలిక ఉన్న గడ్డి జాతుల్లో ఆ తేడా ఎప్పుడైనా చెరిగిపోవచ్చు. పైగా ఇలా మందును విరగ్గొట్టే శక్తి ఒక్క మందుతో ఆగదు. రైతు ఎన్నడూ వాడని కొత్త మందును కూడా ఆ ఎంజైములు విరగ్గొట్టగలవు. కలుపు నిరోధంలో అన్నిటికంటే నాకు భయం కలిగించేది ఇదే.

తక్కువ మోతాదు ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. పూర్తి మోతాదుకు చావవలసిన, కొద్దిపాటి బలం మాత్రమే ఉన్న మొక్కలు సగం మోతాదుకు బతుకుతాయి. పరపరాగ సంపర్కం జరిపే జాతుల్లో అలాంటివి ఒకదానితో ఒకటి సంకరమై వాటి చిన్న చిన్న బలాలు సంతానంలో పోగవుతాయి. ఆస్ట్రేలియాలో రైగ్రాస్‌కు డైక్లోఫాప్ మందును కావాలనే తక్కువ మోతాదులో తరతరానా ఇస్తూ పోతే మూడు తరాల్లోనే పూర్తి మోతాదును తట్టుకునే మొక్కలు వచ్చినట్లు 2005లో వెలువడిన పరిశోధన చూపింది. డబ్బు ఆదా అవుతుందని మందు తగ్గించి కొట్టే రైతు తనకు తెలియకుండా ఆ ప్రయోగాన్నే తన పొలంలో చేస్తున్నట్లు.

బయటపడ్డారా అంటే, కొంతవరకు. 1997, 1998 ప్రాంతంలో క్లోడినాఫాప్, ఫెనాక్సాప్రాప్, సల్ఫోసల్ఫ్యూరాన్ వచ్చి గోధుమను నిలబెట్టాయి. దున్నకుండానే గోధుమ విత్తే యంత్రం ఆ రోజుల్లోనే వ్యాపించింది. వరి కోసిన వెంటనే విత్తడం వల్ల గుల్లిదండా మొలిచే చలి రాకముందే గోధుమ పైకి లేస్తుంది. నేల కదలకపోవడం వల్ల లోపలి గింజలు పైకి రావు. ఇది మంచి ఉపాయం. కానీ కొత్త మందులను కూడా రైతులు పాత మందులాగే ఏటేటా వాడారు, వాడేలా అమ్మకాలూ సాగాయి. కొన్నేళ్లకే ఆ మందులు ఒక్కొక్కటీ బలహీనపడ్డాయి. ఇప్పుడు అక్కడ రెండు మూడు కుటుంబాల మందులను ఒకేసారి తట్టుకునే గుల్లిదండా ఉంది. చెరకు, బర్సీం మేత, పొద్దుతిరుగుడు లాంటి పంటలను మధ్యలో వేసిన పొలాల్లో సమస్య తక్కువగా ఉండటం మొదటి నుంచీ కనిపించింది. అయితే గోధుమను, వరిని మద్దతు ధరకు ప్రభుత్వమే కొనే భరోసా లాంటిది ఆ పంటలకు లేదు. కాబట్టి తప్పంతా రైతు మీద వేయడం న్యాయం కాదు.

ప్రశ్న: మా ప్రాంతంలో కలుపు మందు కొట్టినా చావని పత్తి విత్తనాలు చాటుగా అమ్ముతున్నారు. కలుపు తీత ఖర్చు ఉండదంటున్నారు. నిజమేనా? (పత్తి రైతు, ఆదిలాబాద్ జిల్లా)

జవాబు: ఆ విత్తనానికి మన దేశంలో అనుమతి లేదు. బిల్లు ఉండదు, మొలక రాకపోతే పరిహారం అడిగే వీలుండదు. ఆ పత్తి మీద కొట్టే గ్లైఫోసేట్‌ను రైతులు నేరుగా వాడకుండా, శిక్షణ పొందిన పురుగు నివారణ నిర్వాహకులే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వులిచ్చింది. ఆ సంగతి అలా ఉంచి, కలుపు తీత ఖర్చు గురించిన మీ ప్రశ్నకు జవాబు అమెరికాలో దొరుకుతుంది.

గ్లైఫోసేట్ 1974లో మార్కెట్లోకి వచ్చింది. దాన్ని తట్టుకునే సోయాచిక్కుడు 1996లో, పత్తి 1997లో అక్కడి పొలాల్లోకి వచ్చాయి. దున్నకం, ఇతర మందులు, అంతరకృషి అన్నీ పక్కకు పోయి ఒకే మందు మిగిలింది. జార్జియా రాష్ట్రంలో ఒక పత్తి పొలంలో 2004లో, గ్లైఫోసేట్ కొట్టినా చావని పామర్ అమరాంత్ కనిపించింది. అది మన తోటకూర జాతిదే. రోజుకు రెండంగుళాలకు పైగా ఎదగగలదు. ఆడ మొక్క ఒక్కటే లక్షల గింజలు రాల్చగలదు. మగ, ఆడ మొక్కలు వేరుగా ఉండటంతో ప్రతి గింజా సంకరమే, నిరోధం పుప్పొడితో పాటు గాలిలో పొలం నుంచి పొలానికి ప్రయాణిస్తుంది.

అది తట్టుకునే తీరును 2010లో కనుగొన్నారు. గ్లైఫోసేట్ అడ్డుకునే ఎంజైమును తయారు చేసే జన్యువు మామూలు మొక్కలో ఎన్ని ఉంటాయో, నిరోధ మొక్కల్లో దానికి 5 నుంచి 160 రెట్లకు పైగా ఉన్నాయి. మందు ఎంత ఎంజైమును అడ్డుకున్నా ఇంకా మిగిలే ఉంటుంది. ఆ అదనపు ప్రతులు క్రోమోజోముల్లో కాక, విడిగా ఉండే గుండ్రటి డీఎన్‌ఏ ఉంగరాల మీద ఉన్నాయని 2018లో తేలింది.

తర్వాత అక్కడి రైతులు మళ్లీ దుక్కి దున్నారు, పాత మందులను మళ్లీ తెచ్చుకున్నారు, వేల ఎకరాల కమతాల్లో కూలీలను పెట్టి కలుపు తీయించారు. ఏ ఖర్చు ఉండదని ఆ విత్తనం కొన్నారో ఆ ఖర్చే తిరిగి వచ్చింది. ఆ తర్వాత డైకాంబా అనే మరో కలుపు మందును తట్టుకునే పత్తి, సోయా వచ్చాయి. 2017లో ఆ మందు గాలికి కొట్టుకుపోయి పక్క పొలాల్లోని లక్షల ఎకరాల మామూలు సోయాను దెబ్బతీసింది, ఇరుగుపొరుగు రైతుల మధ్య తగాదాలు, కోర్టు కేసులు వచ్చాయి. డైకాంబాను కూడా తట్టుకునే పామర్ అమరాంత్ ఆ తర్వాత టెన్నెసీలో కనిపించింది. మనకు పామర్ అమరాంత్ లేదు కదా అని ధీమాగా ఉండలేం. రాగికి దగ్గరి చుట్టమైన, మన గట్ల మీద కూడా పెరిగే ఒక గడ్డి 1997లోనే మలేసియాలో గ్లైఫోసేట్‌ను తట్టుకుంది.

పత్తి సాళ్ల మధ్య గుంటక, గొర్రు తిప్పే వీలు మీకు ఇంకా ఉంది. ఇనుప పలుగును తట్టుకునే జన్యువు ఏ కలుపుకూ లేదు. ఆ వీలును వదులుకోవద్దని నా మనవి. మొలకకు ముందు పెండిమిథాలిన్, తర్వాత అంతరకృషి, మొక్క మొదళ్ల దగ్గర మిగిలిన దానికి మాత్రం చేతి కలుపు అనే క్రమం మీ నేలల్లో సాధ్యమే.

ప్రశ్న: కలుపు మందును తట్టుకునే వరి మన దేశంలో కూడా వచ్చిందట కదా. అది వేయవచ్చా? (రైతు, తూర్పు గోదావరి జిల్లా)

జవాబు: వచ్చింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పూసా బాస్మతి 1979, 1985 రకాలను 2021లో విడుదల చేసింది. ఇవి జన్యుమార్పిడి పంటలు కావు, ఉత్పరివర్తన ద్వారా, అంటే వరి సొంత జన్యువులోనే వచ్చిన మార్పు ద్వారా, ఇమాజిథాపైర్‌ను తట్టుకునేలా చేసినవి. బాస్మతి రకాలు కాబట్టి మీ డెల్టాకు సరిపోవు. మీ దగ్గరికి అలాంటి రకం ఎప్పుడైనా వస్తే రెండు విషయాలు చూసుకోండి. ఇమాజిథాపైర్ కూడా బిస్‌పైరిబాక్ కుటుంబానిదే. పై ఉత్తరంలోని జగిత్యాల ఊదలాంటిది ఉన్న పొలంలో ఆ రకం వల్ల లాభం ఉండకపోవచ్చు. రెండోది, వరికి అడవి చుట్టమైన కలుపు వరితో అది సంకరమవుతుంది. అమెరికాలో 2002లో ఇదే తరహా వరిని మార్కెట్లోకి తెచ్చిన కొన్నేళ్లలోనే ఆ మందును తట్టుకునే ఎర్ర కలుపు వరి పొలాల్లో కనిపించింది. వరుసగా రెండు పంటలు అలాంటి రకం వేయకపోవడం, కలుపు వరి కంకులు కనబడగానే పీకేయడం తప్పనిసరి.

ప్రశ్న: మా ఊరికి వరికోత యంత్రాలు బయటి నుంచి వస్తాయి. వాటితో ఇలాంటి కలుపు గింజలు మా పొలానికి రావా? (రైతు, నల్గొండ జిల్లా)

జవాబు: వస్తాయి. యంత్రం లోపల కోత పళ్ల దగ్గర, జల్లెళ్ల మీద, ధాన్యం తొట్టి మూలల్లో వెనకటి పొలం గింజలు ఉండిపోతాయి. ఆస్ట్రేలియా రైతులు దీన్ని ఎంత తీవ్రంగా తీసుకున్నారంటే, అక్కడి రే హారింగ్టన్ అనే రైతు కోత సమయంలో పొట్టుతో పాటు వచ్చే కలుపు గింజలను పిండి చేసే మర నమూనాను తయారు చేశాడు. ఇప్పుడు దాన్ని కోత యంత్రాల్లోనే అమర్చి అమ్ముతున్నారు. అది తొంభై శాతానికి పైగా గింజలను నాశనం చేస్తుంది. అంత యంత్రం మనకు ఇప్పట్లో అందకపోవచ్చు. మీరు చేయగలిగింది, యంత్రం మీ మడిలో దిగకముందే గట్టు మీద నిలిపించి, ఇంజను ఆపి ఉన్నప్పుడు డ్రైవరు చేత జల్లెళ్లు దులిపించి, తొట్టి ఊడిపించడం. మీ పొలంలోనే ఊద మిగిలిన మడి ఏదైనా ఉంటే దాన్ని అన్నిటికంటే చివర కోయించండి. ఆ మడి ధాన్యాన్ని విత్తనానికి ఉంచుకోకండి.